బాస్కెట్‌బాల్ ఆడే కుర్రవాడి మోకాలు

చిలకలగూడలో నేనుండే వీధిలో పొద్దుగూకాక నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు రెండు రకాలు. ఆసుపత్రిలో చెప్పింది మరచిపోయి, అదే మళ్ళీ చెప్పించుకోవడానికి వచ్చేవారు ఒక రకం. ఆసుపత్రిలో అయితే డాక్టరు ససేమిరా అంటాడు, ఇంటి దగ్గరైతే మొహమాటానికైనా సరేనంటాడని వచ్చేవారు రెండో రకం. కిందటి మార్చిలో ఒక సాయంత్రం వచ్చిన తల్లీ కొడుకులు ఈ రెండో రకంవారు.

కొడుక్కి 17 ఏళ్ళు. మా గుమ్మం పాతకాలంది, తల వంచుకుని లోపలికి వచ్చాడు. ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు. తండ్రి రైల్వేలో చిన్న ఉద్యోగి. కుర్రవాడు కూర్చునేటప్పుడు కుడి కాలు బార చాపి, కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. అది చూడగానే సగం సంగతి నాకు అర్థమైంది. మిగతా సగం తల్లి చెప్పింది.

“వీనికి మోకాలు గుంజుతుందంటడు సార్. ఇంక మూడు వారాలల్ల అండర్ 18 సెలక్షన్లున్నయ్. ఎక్కువేం వద్దు సార్, ఒక్క సూది ఏసి పంపియ్యండి. అవి అయిపోయినంక మీరేం చెప్తే అది చేస్తడు.”

ఆ తల్లి అడిగిన దాంట్లో అత్యాశ ఏమీ లేదు. మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడి బతకడమంటే చాలావరకు ఒక ఉద్యోగం సంపాదించడమే. రైల్వేలు, బ్యాంకులు, ఓ.ఎన్.జి.సి., పోలీసు, సైన్యం తమ తమ జట్ల కోసం ఆటగాళ్ళను తీసుకుంటాయి. పొద్దున ప్రాక్టీసు, మధ్యాహ్నం కాగితాలు. రాష్ట్రానికి ఆడిన సర్టిఫికెట్టు ఒకటి చేతిలో ఉంటే కాలేజీ సీటు దగ్గర నుంచి స్పోర్ట్స్ కోటా దాకా దారి కొంత తెరుచుకుంటుంది. పైగా సికింద్రాబాదు 1966 నుంచి దక్షిణ మధ్య రైల్వేకు ముఖ్యస్థానం. ఆటతో రైల్వేలో కుదురుకున్న వాళ్ళు మా చుట్టుపట్ల ఎందరో. సింధు తండ్రి పి.వి. రమణ 1986 సియోల్ ఏషియాడ్‌లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టులో ఆడినవాడు, రైల్వే ఉద్యోగి. సింధు రాకెట్ పట్టింది కూడా సికింద్రాబాదు రైల్వే కోర్టుల్లోనే. ఇక ఇప్పుడు లీగులు కూడా వచ్చాయి. 2025లో 25 ఏళ్ళలోపు వారికోసం మొదలైన ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగులో హైదరాబాదు పేరు మీద ఫాల్కన్స్ అనే జట్టు దిగింది. ఇవన్నీ రోజూ చూస్తున్న తల్లి, గుమ్మం పట్టనంత కొడుకును ఇంట్లో పెట్టుకుని ఆశపడకుండా ఎలా ఉంటుంది?

అయినా నేను సూది వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో ఆమెకు చెప్పిన కథే మీకూ చెబుతాను.

చేతులు కాల్చుకున్న కథ

నేను చదువు పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన కొత్త. కోస్తా జిల్లాలో ఒక చిన్న పట్నం. అక్కడ వాలీబాల్ అంటే ప్రాణం. ఇరవై ఏళ్ళు నిండని కుర్రవాడొకడు, గాలిలోకి లేస్తే కాసేపు దిగడు అనిపించేంత బాగా ఆడేవాడు. మోకాటి చిప్ప కింద నొప్పి. ఊరి పెద్దలు నలుగురు వెంటబెట్టుకుని వచ్చారు. “రేపు ఫైనలు, ఏదో ఒకటి చేసి నిలబెట్టండి” అన్నారు. నొప్పి ఉన్నచోటే స్టెరాయిడ్ ఇంజెక్షను ఇచ్చాను. మర్నాడు అద్భుతంగా ఆడాడు. గెలిచారు. నాకు కూడా శాలువా కప్పారు. రెండు వారాల తరువాత ఇంకో పందెం, ఇంకో ఇంజెక్షను. ఆ పందెంలో ఒకసారి ఎగిరి దిగాడు. దిగినవాడు లేవలేదు. కర్ర విరిగినట్టు చప్పుడు వినిపించిందని పక్కవాళ్ళు చెప్పారు. నేను వెళ్ళి చూస్తే మోకాటి చిప్ప ఉండవలసిన చోట లేదు, రెండంగుళాలు పైకి జరిగిపోయి ఉంది. చిప్పను కాలి ఎముకకు కట్టి ఉంచే తాడు తెగిపోయింది.

పెద్ద ఊళ్ళో ఆపరేషను చేశారు. కుర్రవాడు నడిచాడు, సైకిలు తొక్కాడు, తరువాత చిన్న దుకాణం పెట్టుకున్నాడు. ఆట మాత్రం మళ్ళీ ఆడలేదు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. శాలువా చాలాకాలం బీరువాలో ఉండేది.

స్టెరాయిడ్ మందు వాపును తగ్గిస్తుంది, నొప్పిని చల్లారుస్తుంది. ఆ తాడు మీద పడినప్పుడు దాని పోగుల బలాన్ని కూడా తగ్గిస్తుంది. నొప్పి తెలియని మనిషి, బలం తగ్గిన తాడు మీద తన బరువుకు కొన్ని రెట్ల భారం వేసి ఎగురుతాడు. నేను చేసింది అదే.

ఇప్పుడైతే మరొక చిక్కు కూడా ఉంది. 2022 జనవరి 1 నుంచి ప్రపంచ ఉత్ప్రేరక నిరోధక సంస్థ నియమాల ప్రకారం పోటీ సమయంలో స్టెరాయిడ్‌ను ఏ రకం ఇంజెక్షనుగా తీసుకున్నా నిషిద్ధమే. మందు ఒంట్లోంచి పోవడానికి కొన్ని రోజులు పడుతుంది. అంటే “ఒక్క సూది” అని తల్లి అడిగిన ఆ సూది, మోకాలు సంగతి అలా ఉంచి, కుర్రవాడి పేరునే పాడుచేసి ఉండవచ్చు.

నొప్పి ఎక్కడ?

మోకాలు నొప్పి అని పిల్లలు చెబితే ముందు ఒక వేలితో చూపించమనండి. అరచేత్తో మోకాలంతా చుట్టి చూపించే నొప్పి వేరు, వేలు ఒకేచోట పెట్టి “ఇదిగో ఇక్కడ” అనే నొప్పి వేరు.

మోకాటి చిప్పకు రెండంగుళాల కింద, కాలి ముందెముక మీద బొడిపెలాంటి చోటు ఉంటుంది. చిప్ప దగ్గర నుంచి వచ్చే తాడు అతుక్కునేది అక్కడే. 11 నుంచి 15 ఏళ్ళ మధ్య ఎముక ఒక్కసారిగా సాగుతుంది. జోరుగా పెరిగే ఏడాదిలో మగపిల్లలు 9, 10 సెంటీమీటర్లు పెరగడం మామూలే. ఎముక ముందు పెరుగుతుంది, తొడ కండరం వెనకబడుతుంది, తాడు బిగుసుకుంటుంది. ఆ బొడిపె చోట ఎముక ఇంకా లేతది. గెంతినప్పుడల్లా తాడు దాన్ని లాగుతుంది. అక్కడ వాచి, నొప్పెట్టి, గట్టి బుడిపె కడుతుంది. దీన్ని 1903లో అమెరికాలో ఆస్‌గుడ్, స్విట్జర్లాండులో ష్లాటర్ అనే ఇద్దరు డాక్టర్లు విడివిడిగా వర్ణించారు. అందుకే ఇద్దరి పేర్లూ కలిపి పిలుస్తాం. ఎముక పెరుగుదల ఆగిపోయాక ఇది దాదాపు అందరికీ దానంతటదే తగ్గుతుంది, బుడిపె మాత్రం మిగిలిపోవచ్చు. భయపడవలసింది కాదు, సూదులు పొడవవలసింది అంతకన్నా కాదు. ఆట తగ్గించాలి, ఆడాక పావుగంట ఐసుముక్కల గుడ్డ పెట్టాలి, తొడ కండరాలు సాగదీయాలి.

మా కుర్రవాడి వేలు ఆ బొడిపె మీద పడలేదు. చిప్ప అడుగు అంచు మీద పడింది. 17 ఏళ్ళకు లేత ఎముక గట్టిపడుతూ ఉంటుంది, బరువంతా తాడు మీదికి మారుతుంది. పదే పదే ఎగిరి దిగేవారికి వచ్చే ఈ నొప్పిని ‘జంపర్స్ నీ’ అంటాం. బాస్కెట్‌బాల్, వాలీబాల్ ఆటగాళ్ళ సొంత ఆస్తి ఇది. మెట్లు దిగేటప్పుడు, ఎక్కువసేపు కూర్చుని లేచేటప్పుడు పొడుస్తుంది. ఆట మొదట్లో నొప్పి, ఒళ్ళు వేడెక్కాక మాయం, ఆట అయ్యాక మళ్ళీ. ఆ మధ్యలో మాయం కావడమే పిల్లల్ని మోసం చేస్తుంది. “ఆడుతుంటే పోతుందండీ” అంటారు.

“వారానికి ఎన్ని గంటలు ఆడతావు?” అని అడిగాను. కుర్రవాడు లెక్క చెప్పలేకపోయాడు. కాగితం తీసుకుని నేనే రాశాను. పొద్దున కాలేజీ జట్టుతో రెండు గంటలు, సాయంత్రం క్లబ్బులో రెండు, ఆదివారం మ్యాచులు, మధ్యలో జిమ్ము. 26 గంటలు తేలింది. తల్లి కూడా ఆశ్చర్యపోయింది. పెరిగే పిల్లలకు క్రీడావైద్యులు చెప్పే ఒక తేలిక లెక్క ఉంది. వయసు ఎన్నేళ్ళో, వారానికి క్రమబద్ధమైన ఆట అన్ని గంటలు దాటకూడదు. 17 ఏళ్ళవాడికి 17 గంటలు. వారానికి కనీసం ఒక రోజు కాలికి పూర్తి సెలవు. కాలేజీ కోచ్‌కు క్లబ్బు సంగతి తెలియదు, క్లబ్బు వారికి జిమ్ము సంగతి తెలియదు. మొత్తం తెలిసింది ఆ మోకాలికి ఒక్కదానికే. పైగా మన ఊళ్ళలో కోర్టులు ఎక్కువభాగం సిమెంటువి. చెక్క నేల దిగిన పాదాన్ని కొంచెం ఆదుకుంటుంది, సిమెంటు ఆదుకోదు.

దీనికి మంచం మీద పడుకోబెట్టే విశ్రాంతి కూడా మందు కాదు. పని లేని తాడు ఇంకా బలహీనపడుతుంది. చెయ్యవలసింది, గెంతులు ఆపి, తాడుకు నెమ్మదైన బరువు అలవాటు చెయ్యడం. గోడకు వీపు ఆనించి, కుర్చీ లేకుండా కూర్చున్నట్టు 45 సెకన్లు నిలవాలి. అలా అయిదుసార్లు, రోజూ. రెండు మూడు వారాల తరువాత మెల్లగా గుంజీళ్ళు. నాలుగు అంకెలు లెక్కబెడుతూ దిగడం, మూడు లెక్కబెడుతూ లేవడం, రోజు విడిచి రోజు, క్రమంగా చేతిలో బరువు పెంచుతూ. చేస్తున్నప్పుడు కొద్దిగా నొప్పి ఉంటే పరవాలేదు. మర్నాడు పొద్దున నొప్పి ముందటి రోజుకన్నా పెరిగితే ఎక్కువ చేశారన్నమాట. మూడు నెలలు పడుతుంది. ఈ మూడు నెలలు అన్న మాట దగ్గరే అందరికీ నా మీద కోపం వస్తుంది.

ఆగినవాళ్ళు, ఆగనివాళ్ళు

ఎముక విషయంలో నొప్పిని ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. ఒకే చోట పదే పదే దెబ్బ పడితే ఎముకలో వెంట్రుక వంటి పగులు వస్తుంది. దీన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటాం. బాస్కెట్‌బాల్‌లో పాదం మధ్యలోనూ, చిటికెన వేలివైపు అంచునా ఎక్కువ. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. “ఎక్స్‌రే బాగుంది కదా” అని ఆడించడం, ఆ పగులు పూర్తిగా విరిగేదాకా తెచ్చుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఎముక మీద వేలితో నొక్కితే ఒకే బిందువు దగ్గర ప్రాణం పోయినట్టున్నా, విశ్రాంతిలోనూ, రాత్రిపూటా నొప్పి ఉన్నా ఎముకల డాక్టరుకు చూపించి అవసరమైతే ఎం.ఆర్.ఐ. తీయించాలి.

2015లో సింధు పాదానికి వచ్చింది ఇదే. అప్పటికే రెండు ప్రపంచ కాంస్యాలు గెలిచిన పిల్ల. నెలల తరబడి పోటీలకు దూరంగా ఉంది. మరుసటి ఏడు రియోలో వెండి పతకం తెచ్చింది. మైకేల్ జోర్డాన్ కథ కూడా అలాటిదే. 1985లో రెండో సీజను మూడో ఆటలోనే పాదంలో ఎముక విరిగి, 64 ఆటలు ఆడలేదు. తిరిగి వచ్చాక కూడా జట్టువారు అతన్ని ఆటకు ఇన్ని నిమిషాలేనని లెక్కగట్టి దించారు. అతను అందుకు మండిపడ్డాడు. 22, 23 ఏళ్ళవాడికి మండదా! కాని ఆ పాదంతోనే తరువాత ఆరు టైటిళ్ళు గెలిచాడు. మరోవైపు చైనా ఆటగాడు యావ్ మింగ్. 7 అడుగుల 6 అంగుళాల మనిషి. పాదం, చీలమండ పగుళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చి, 2011లో 30 ఏళ్ళకే ఆట విరమించాడు. ఎత్తు ఎక్కువైన కొద్దీ పాదం మీద పడే భారం ఎక్కువ, దాన్ని ఆదుకునే ఎముక మాత్రం అదే నిష్పత్తిలో బలపడదు.

బాగా పొడుగు, బాగా సన్నం

మోకాలు చూశాక కుర్రవాణ్ణి చొక్కా విప్పమన్నాను. తల్లికి ఎందుకో అర్థం కాలేదు. అసాధారణంగా పొడుగైన పిల్లల్ని ఆటలో దించేముందు ఒకసారి గుండె చూడాలి. మార్ఫాన్ జబ్బు అని ఒకటుంది. 1896లో పారిస్ డాక్టరు మార్ఫాన్ మొదట వర్ణించాడు. సుమారు 5,000 మందిలో ఒకరికి ఉంటుంది. శరీరంలో అంటుకట్టే పదార్థమే బలహీనంగా ఉండటంవల్ల మనిషి సాగినట్టు పెరుగుతాడు. అదే బలహీనత గుండె నుంచి బయలుదేరే బృహద్ధమనిలోనూ ఉంటుంది. అది ఉబ్బి, ఒకనాడు చీలిపోవచ్చు. 1984 ఒలింపిక్సులో వెండి పతకం గెలిచిన అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1986 జనవరిలో జపాన్‌లో ఆట మధ్యలో కూలిపోయి, 31 ఏళ్ళకే చనిపోయింది. జబ్బు ఉన్న సంగతి శవపరీక్షలో తెలిసింది. 2014లో ఐజయ్యా ఆస్టిన్ అనే 7 అడుగుల కుర్రవాడికి మాత్రం, ఎన్.బి.ఎ. జట్లు ఆటగాళ్ళను ఎంచుకునే రోజుకు కొద్ది రోజుల ముందు, వైద్యపరీక్షల్లో ఇది బయటపడింది. ఆట ఆపేశారు. తరువాత డాక్టర్ల అనుమతితో విదేశాల్లో ఆడాడు. మొదటి ఆమెకు లేనిది, రెండో అతనికి దొరికింది ఒక పరీక్ష.

ఇంట్లో మీరు చూడగలిగినవి కొన్ని. చేతులు బార చాపితే ఆ పొడవు ఎత్తుకన్నా బాగా ఎక్కువగా ఉండటం. బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి పట్టితే ఆ వేలి గోరంతా రెండో వైపు బయటికి పొడుచుకు రావడం. ఒక చేతి బొటనవేలూ చిటికెన వేలూ రెండో మణికట్టు చుట్టూ పట్టితే గోళ్ళు ఒకదాని మీదికి ఒకటి రావడం. రొమ్ము ఎముక లోపలికి గుంటపడటం, వెన్ను వంకర, చిన్నప్పటి నుంచే బాగా మందమైన కళ్ళద్దాలు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉండటం. వీటిలో ఏ ఒక్కటో ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. నాలుగైదు కలిసి ఉంటే ఎకో పరీక్ష చేయించాలి, కళ్ళూ చూపించాలి. ఇక పరుగెత్తుతుండగానే కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లవాణ్ణి, వాడు ఎంత పొడుగైనా పొట్టయినా, గుండె పరీక్షలు చేయించేదాకా మైదానంలోకి పంపకండి. ఎండదెబ్బ అని నీళ్ళు చల్లి సరిపెట్టకండి.

మా కుర్రవాడికి చేతుల పొడవు ఎత్తుకన్నా మూడంగుళాలే ఎక్కువ. మిగతావేవీ లేవు. గుండె చప్పుడు శుభ్రంగా ఉంది. రక్తపోటు మాత్రం ఉండవలసిన దానికన్నా ఎక్కువ ఉంది. 17 ఏళ్ళవాడికి ఎందుకుంటుంది? అదే అడిగాను.

సంచిలోంచి డబ్బా

ముందు మాత్రలు బయటపడ్డాయి. రెండు నెలలుగా ప్రాక్టీసుకు ముందు ఒకటి, తరువాత ఒకటి డైక్లోఫెనాక్. మందుల దుకాణంలో అడిగితే ఇచ్చారట. తరువాత సంచిలోంచి నల్లటి డబ్బా తీశాడు. జిమ్ములో ఎవరో ఇప్పించారు. దాని ధర ఆ తల్లికి అప్పుడే తెలిసింది. ఆమె మొహం నేను చెప్పలేను. ఒక చెంచాకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ అని పైన రాసి ఉంది. ఇంటి కాఫీలో ఉండేదానికి ఇది మూడు నాలుగు రెట్లు. మిగతా సరుకుల పేర్లు ఒక్కచోట చేర్చి, ఏది ఎంతో రాయకుండా వదిలేశారు.

నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, రక్తపోటు, మూత్రపిండాలకు హాని. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు తక్కువ తాగి, పైన ఈ మాత్ర వేసుకోవడం మూత్రపిండాలను ఎండబెట్టడమే. అదృష్టవశాత్తూ మావాడి రక్తపరీక్ష బాగానే వచ్చింది.

పొడుల విషయంలో సత్నాం సింగ్ కథ ప్రతి ఇంట్లోనూ తెలియాలి. పంజాబులో బల్లోకె అనే పల్లెటూరి రైతు కొడుకు. 14 ఏళ్ళకు, 2010లో, ఇంగ్లీషు రాకుండానే అమెరికాలో ఫ్లోరిడా అకాడమీకి స్కాలర్‌షిప్పు మీద వెళ్ళాడు. 7 అడుగుల 2 అంగుళాలు ఎదిగాడు. 2015 జూన్‌లో డల్లాస్ మావెరిక్స్ జట్టు అతన్ని 52వ వాడిగా ఎంచుకుంది. ఎన్.బి.ఎ. డ్రాఫ్టులో ఎంపికైన మొదటి భారతీయుడు. అప్పటికతనికి 19 ఏళ్ళు. తరువాత ఎన్.బి.ఎ. ఆట ఒక్కటీ ఆడలేదు. కింది లీగులో కొద్ది నిమిషాలు, కెనడాలో కొన్నాళ్ళు, తిరిగి మన దేశం. 2019లో నాడా పరీక్షలో హైజినమిన్ అనే పదార్థం దొరికింది. రెండేళ్ళ నిషేధం పడింది. ఆ తరువాత అతను కుస్తీ ప్రదర్శనల వైపు వెళ్ళిపోయాడు.

హైజినమిన్ కొన్ని మొక్కల్లో సహజంగానే ఉంటుంది. మన తిప్పతీగకు దగ్గర బంధువైన ఒక తీగలోనూ ఉంటుంది. కొవ్వు కరిగిస్తామనే పొడుల్లో కలుపుతారు. ‘మూలికలు, ప్రకృతి సిద్ధం’ అన్న మాట డబ్బా మీద ఉన్నంత మాత్రాన కాపాడదు. సత్నాం ఒంట్లోకి అది ఎలా వచ్చిందన్నది నా విషయం కాదు. నియమం మాత్రం కఠినమైనది. ఆటగాడి ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే. కోచ్ ఇచ్చాడన్నా, అంగట్లో అమ్మారన్నా ఒప్పుకోరు. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ కూడా పోటీ రోజుల్లో హద్దు దాటితే తప్పే. మందు వేసుకునేముందు నాడా వారి ‘నో యువర్ మెడిసిన్’ యాప్‌లో పేరు కొట్టి చూడండి. డాక్టరుకు “మావాడు ఆటగాడు” అని చెప్పండి. మేము అడగడం మరచిపోతాం.

“మరి బలం ఎట్ల సార్?” అంది తల్లి. 80 కిలోల కుర్రవాడికి రోజుకు 120 గ్రాముల మాంసకృత్తులు చాలు. వంటింట్లోనే లెక్క కట్టాం. మూడు గుడ్లు 18 గ్రాములు. రెండు గ్లాసుల పాలో పెరుగో 16. మూడు గుప్పెళ్ళ కందిపప్పు 17. రెండు గుప్పెళ్ళ వేరుశెనగ 12. నూట యాభై గ్రాముల కోడిమాంసం 30. అతను తినే అన్నం, రొట్టెల్లోనే ఇంకో 30 దాకా ఉంటాయి. లెక్క దాటిపోయింది. మాంసం తినని ఇళ్ళలో యాభై గ్రాముల మీల్ మేకర్ 25 గ్రాములిస్తుంది. నల్ల డబ్బాకు నెలకు పోసే డబ్బుతో ఈ గుడ్లూ పాలూ వచ్చేస్తాయి. పొద్దున అయిదున్నరకు ఖాళీ కడుపుతో కోర్టుకు పంపకండి, ఒక అరటిపండయినా తిననివ్వండి. రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల నిద్ర. ఈ వయసులో కండరం, ఎముక బాగుపడేది నిద్రలోనే. ఫోను వేరే గదిలో పెట్టించడం తల్లిదండ్రుల పని, నాది కాదు.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. జాతీయ పోటీల్లో రైల్వే మహిళల జట్టు పేరు ఏళ్ళ తరబడి వింటున్నాం కాబట్టి మీ ఇళ్ళలోనూ ఈ ఆశ ఉండి ఉంటుంది. ఆట మొదలెట్టాక నెలసరి మూడు నెలలు వరుసగా రాకపోతే “మంచిదేలే, ఆటకు అడ్డం లేదు” అనుకోకండి. తిండి ఖర్చుకు తగినంత లేదనీ, ఎముక పలచబడుతున్నదనీ అర్థం. త్వరగా ఆయాసపడితే హిమోగ్లోబిన్ చూపించండి. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి ఒరిగే అలవాటు ఆడపిల్లల్లో ఎక్కువ. మోకాలి లోపలి లిగమెంటు తెగడం కూడా వారిలోనే ఎక్కువ. మోకాళ్ళు వంచి, చప్పుడు లేకుండా దిగడం కోచ్ దగ్గర ప్రత్యేకంగా నేర్చుకోవాలి.

పొడుగు పెరగడానికి మందు చెప్పమని ఉత్తరాలు రాసే పాఠకులకు కూడా ఇక్కడే జవాబు. బాస్కెట్‌బాల్ ఆడితే పొడుగు పెరగరు. పొడుగైనవాళ్ళను బాస్కెట్‌బాల్‌కు ఎంచుకుంటారు, అంతే. కడ్డీకి వేలాడినా, మాత్రలు మింగినా ఎముక చివరలు మూసుకున్నాక ఒక్క అంగుళం రాదు. అన్నట్టు, 1891లో ఈ ఆటను కనిపెట్టిన నైస్మిత్ తరువాత వైద్యం చదివి డాక్టరయ్యాడు. ఆట కనిపెట్టాక మోకాళ్ళు చూసి చదవాలనిపించిందేమో!

ఆ కుర్రవాడు సెలక్షన్లకు వెళ్ళలేదు. నేను వద్దన్నాను. తండ్రి రెండుసార్లు వచ్చి అడిగాడు, రెండుసార్లూ వద్దనే అన్నాను. మూడోసారి ఆయన రాలేదు. ఇంకెవరి దగ్గరికైనా తీసుకువెళ్ళాడేమోనని వారం రోజులు నాకు నిద్ర సరిగా పట్టలేదు. వెళ్ళలేదట. గోడకుర్చీ వేశాడు, గుంజీళ్ళు తీశాడు. జూన్ నెలాఖరుకు పరుగు, జూలైలో చిన్న గెంతులు. ఇప్పుడు వారానికి 12 గంటలు ఆడుతున్నాడు. వానపడిన పొద్దున కొంచెం పట్టేసినట్టుంటుంది అంటాడు. రక్తపోటు మామూలుకు వచ్చింది. ఆ ఏటి జట్టులో అతని చోట వేరొకరు ఆడారు, సర్టిఫికెట్టు వాళ్ళకే వచ్చింది. వచ్చే ఏడు అతనికి అండర్ 18 వయసు దాటిపోతుంది, పెద్దవాళ్ళ జట్టుకే పోటీ పడాలి. అది కష్టమైన పోటీ.

తల్లి మొన్న కూరగాయల బండి దగ్గర కనిపించింది. “బాగున్నడు సార్” అంది. ఇంకేదో అనబోయి బెండకాయలు ఏరుకుంటూ ఉండిపోయింది.

వచ్చే వారం చీలమండ బెణుకుల గురించి రాస్తాను. కట్టు ఎప్పుడు కట్టాలి, ఎక్స్‌రే ఎప్పుడు తీయించాలి అని అడిగినవారికి అందులో జవాబులుంటాయి.